పాల మరకకి చన్నీళ్ళు

జనవరి 9, గురువారం

ఈ డైరీ మా ఆయన తెచ్చిచ్చారు. ఆయన పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో కొత్త సంవత్సరానికి పంచగా మిగిలిందట. ప్రతి పేజీ అడుగునా ఒక కళ్ళజోడు బొమ్మ నా వంకే చూస్తోంది. "ఏదో ఒకటి రాసుకుంటూ ఉండు, మనసు తేలికపడుతుంది" అన్నారు. మనసు తేలిగ్గానే ఉంది. ఒళ్ళే బరువెక్కింది. ఆ తెల్ల మాత్ర మొదలుపెట్టినప్పటినుంచి తిన్నది తిన్నట్టు నడుముకి చుట్టుకుంటోంది. పోయినేడు ఆ కోపంతోనే మాత్రలు మానేశాను. తర్వాత ఏమైందో నాకు నేను చెప్పుకోనక్కర్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. నెల తప్పింది. ఒక నెల కాదు, రెండు దాటి మూడోది నడుస్తోంది. పెళ్ళయి ఏడేళ్ళు. మా అత్తగారు అడగడం మానేసి నాలుగేళ్ళు, అంటే ఆశ వదిలేసుకుందన్నమాట. ఇప్పుడు చెబితే ఎగిరి గంతేస్తుంది. చెప్పను. నోరు జారితే అదీ జారిపోతుందేమోనని నా భయం.

జనవరి 10

ఇవాళా రాలేదు. మంచిదే.

జనవరి 14, మంగళవారం

లాండ్రీలో కొత్తగా ఒకావిడ చేరింది. బొత్తాలు కుట్టే పని. ముగ్గురు పిల్లల తల్లి, నోటికి తలుపు లేదు. నా బల్ల దగ్గర నిలబడి, "మరకలు చూస్తూ కూచోడానికి జీతమిస్తారా?" అంది.

ఇస్తారమ్మా అన్నాను. బట్ట ఏదైనా నీళ్ళలోకి వెళ్ళే ముందు నా బల్ల మీదికి రావాలి. ఏ మరక దేనిదో చూసి, ముట్టుకుని, అవసరమైతే వాసన చూసి, పక్కన గుడ్డ చీటీ కుట్టి పంపాలి. టీ అయితే ఒక దారి, నూనె అయితే ఒక దారి. నెత్తురు, గుడ్డు, పాలు అయితే చన్నీళ్ళే. వేణ్ణీళ్ళు తగిలాయంటే మరక ఉడికి నూలులో కూచుంటుంది, ఇక జన్మలో పోదు.

"అయ్యో, మా పిల్లల పాల గుడ్డలన్నీ ఇన్నాళ్ళూ మరిగించాను కదా" అంది.

"మరి తెల్ల గుడ్డలు పసుపుపచ్చగా అయ్యాయా లేదా?"

"అవి పుట్టుకతోనే అంతేమో అనుకున్నాను."

ఇద్దరం నవ్వుకున్నాం. నా పోయినేటి భాగోతం ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆవిడ నాతో మామూలుగా మాట్లాడుతుంది. అదెంత హాయో, మామూలుగా మాట్లాడించుకునేవాళ్ళకి తెలియదు.

జనవరి 17

రెండు వీధులవతల ఉన్న మందుల షాపులో కడుపు పరీక్ష చేసుకునే కడ్డీ కొన్నాను. ఒకటే గీత వచ్చింది. డబ్బా మీద వేలెడు దుమ్ముంది. పాత సరుకు అంటగట్టాడు.

జనవరి 21, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఎప్పటిలాగే మా ఆయన నా కుర్చీ పక్కన కుర్చీ జరుపుకుని కూచున్నారు. ప్రశ్న నాకు, జవాబు ఆయనది. నిద్ర? బాగా పడుతోందండి. లేని చప్పుళ్ళేమైనా వినిపిస్తున్నాయా? లేవండి. నెలసరి సరిగ్గా వస్తోందా? వస్తోందండి.

నాకు లోపల నవ్వొచ్చింది. ఆయనకేం తెలుసు పాపం, నేను చెప్పందే. నేనూ నోరు మెదపలేదు. కడుపు సంగతి తెలిస్తే డాక్టరమ్మ ముందు మాత్రల గురించి హడావుడి చేస్తుంది. ఇంకొన్నాళ్ళు ఆగి, గట్టిపడ్డాక అందరికీ ఒకేసారి చెబుతాను.

దారిలో మా ఆయన ఐస్‌క్రీం కొనిపెట్టారు. ఏమిటి విశేషమంటే ఊరికే అన్నారు.

జనవరి 26, ఆదివారం

అక్క వచ్చింది. ఆసుపత్రి నుంచి నేను ఇంటికొచ్చినప్పటినుంచి ప్రతి ఆదివారం వస్తుంది. వస్తూనే వంటింట్లో దూరి డబ్బాలన్నీ తన ఇష్టమొచ్చినట్టు సర్దేస్తుంది. సోమవారమంతా నేను ఉప్పు కోసం వెతుక్కోవాలి. చిన్నప్పటినుంచి నన్ను 'పిచ్చిమొద్దూ' అని పిలిచేది. పోయినేటినుంచి మా ఇంట్లో ఆ 'పిచ్చి' అనే మాటని వెలేశారు. ఇప్పుడు నేను వట్టి మొద్దుని.

అక్క టాక్సీ ఆఫీసులో ఫోన్లు తీస్తుంది. పొద్దస్తమానం రెండే మాటలు. బండి ఉంది, బండి లేదు. పోయినేడు కస్టమర్ల కోటు జేబుల్లోంచి నాకోసం రాసిన చీటీలు గలగలమంటున్నాయని నేను నిద్ర మానేసిన రోజుల్లో, ఆసుపత్రి మంచం పక్కన కూచుని ఈ పద్ధతి కనిపెట్టింది అక్కే. "నీకేదైనా అనుమానం వస్తే నన్నడుగు. ఉందా, లేదా అని. నేను ఒక్క మాటే చెబుతాను. ఎందుకు, ఏమిటి అని అడగను. నువ్వు మాత్రం నమ్మాలి" అంది. నమ్మాను. పైకప్పు మీద ఎవరో నడుస్తున్నారక్కా? లేదు. కుక్క ఏడుస్తోందా? ఉంది, పక్కింటి కుక్కే. అక్క 'లేదు' అనగానే చప్పుడు ఆగిపోయేది, ఎవరో మీట నొక్కినట్టు. సగం మాత్ర నయం చేస్తే సగం అక్క నయం చేసింది.

ఇవాళ ఆఫీసు కబుర్లు చెప్పింది. మరీ దూరం బేరమైతే డ్రైవర్లు వద్దని చెయ్యి ఊపుతారట. అప్పుడు బండి కళ్ళెదురుగా ఉన్నా 'లేదండీ' అనేస్తుందట.

"పాపం, అవతల వాళ్ళు ఎదురుచూస్తుంటారు కదక్కా" అన్నాను.

"వాళ్ళు నాకేమవుతారే?" అంది.

అక్కకి కూడా చెప్పలేదు నెల సంగతి. నాలుక చివరిదాకా వచ్చింది.

ఫిబ్రవరి 3, సోమవారం

యూనిఫాం విప్పుతుంటే లోపలి వైపు, ఎడమ రొమ్ము దగ్గర మరక. పెద్ద బొత్తామంత. అంచు గట్టిపడింది, మధ్యలో మెత్తగా ఉంది, లేత పసుపు. చెమట అయితే అంచు తెల్లగా ఉప్పు కడుతుంది. టీ నేను తాగలేదు. వాసన చూశాను. పరాయివాళ్ళ బట్ట అయితే కళ్ళు మూసుకుని చీటీ కుట్టేదాన్ని.

పాలు.

చన్నీళ్ళలో వేశాను. ఇట్టే పోయింది. బాత్రూంలో నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఆ మాట ఇక్కడ రాసుకోవచ్చు, డైరీకి చెవులు లేవు.

ఇంత ముందుగా వస్తాయా? కొందరికి వస్తాయేమో. కడ్డీ మాత్రం పాతదే, సందేహం లేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

ఇక ఆగలేక మా ఆయనకి చెప్పాను. ఆయన బూట్లు తుడుచుకుంటున్నారు. "ఏవండీ, మీకొకటి చూపించాలి" అన్నాను. చూపించాను. మెల్లగా నొక్కితే రెండు వైపులా చుక్కలు.

ఆయన ముఖం పాలిపోయింది. సంతోషం పట్టలేకనేమో అనుకున్నాను. బ్రష్షు కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టారు.

"ఏముందక్కడ?" అన్నారు.

"పాలండీ."

"నాకేం కనిపించడం లేదు. చెమట పట్టినట్టుంది."

"చెమట నాకు తెలియదా? నా పనే అది."

"నీకు అలా అనిపిస్తోంది" అన్నారు. 'అనిపిస్తోంది' అనే మాట ఆసుపత్రి రోజుల్లోది. "మాత్ర వేసుకుంటున్నావు కదా? మానడం లేదు కదా?" అని రెండుసార్లు అడిగారు.

ఊరందరి చూపూ సరిచేసే మనిషి. ఆయనకి కనిపించలేదంటే?

ఆయన మీద కోపం తెచ్చుకోకూడదు. నేను ఎన్నో నెలలుగా రాత్రుళ్ళు గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను. ఆ కోరికే చచ్చిపోయింది నాకు. ఆయన ఒక్క మాటా అనలేదు, కారణమూ అడగలేదు. అలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు?

ఫిబ్రవరి 8

ఇంకో కడ్డీ. ఇంకో షాపు. దీని మీద దుమ్ము లేదు.

ఒకటే గీత.

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్క వచ్చింది. ఇవాళ వంటింట్లోకి వెళ్ళలేదు, ముందుగదిలోనే కూచుంది. ఒంట్లో బాగాలేదేమో.

గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసి చూపించాను. కడుపు అనుకున్నానని, కాదని, కానీ పాలు మాత్రం వస్తున్నాయని, ఆయన లేవంటున్నారని అంతా చెప్పాను. తడిసిన గుడ్డ చేతిలో పెట్టాను. అక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"అక్కా, ఉందా, లేదా?"

కిటికీ వంక చూసింది. "లేదు" అంది.

"సరిగ్గా చూడక్కా."

"లేదే. ఏం లేదు."

గుడ్డ తిరిగిచ్చి, వేళ్ళు రుమాలుతో తుడుచుకుంది. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

అక్క లేదంది. అంటే లేదు.

ఫిబ్రవరి 10

లేదు. లేదు. లేదు. లేదు.

తడి ఆగడం లేదు. ఇదివరకు అక్క చెబితే ఆగేది.

ఫిబ్రవరి 11, మంగళవారం

కాబట్టి మళ్ళీ మొదలైంది. ఈసారి చెవుల్లో కాదు, చర్మం మీద. పిల్లలు లేనిదాని బుర్ర పాలని పుట్టించుకుంది. నవ్వొచ్చే సంగతే, ఇంకెవరికైనా జరిగి ఉంటే.

పోయినసారి మాత్రలు మానేసి అందరి ఉసురూ పోసుకున్నాను. ఈసారి బుద్ధిగా ఉంటాను. మళ్ళీ వార్డులోకి వెళ్ళకూడదు, పనిలోంచి పంపించేయకూడదు. మాత్ర చాలడం లేదంతే. ఇవాళ ఒకటిన్నర వేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అన్నీ అణిగిపోయాక చెబుతాను, మెచ్చుకుంటారు.

ఫిబ్రవరి 14

ఎక్కువైంది. లేనిది ఎక్కువైంది అని రాయాలి. రెండు పొరల గుడ్డ పెట్టుకున్నా చొక్కాకి దిగుతోంది, అంటే దిగినట్టు నాకు అనిపిస్తోంది.

రెండు మాత్రలు.

ఫిబ్రవరి 18, మంగళవారం

కాళ్ళు ఒకచోట ఉండడం లేదు. కూచుంటే లేవాలని, లేస్తే కూచోవాలని. దవడ బిగుసుకుపోయింది. కంచం ముందు ఆవులిస్తూ కూచున్నాను.

పనిలో తల కొట్టేసినట్టయింది. ఒక వకీలుగారి కోటు వచ్చింది, చేతి మీద నూనె మరక. ఉందనిపించింది. అనిపించినవన్నీ ఉంటాయా? ముట్టుకున్నాను, జిడ్డుగా అనిపించింది. అక్కకి ఫోన్ చేసి అడగలేను కదా. చీటీ కుట్టకుండా పంపేశాను. ఇస్త్రీ అయి వచ్చాక మరక అరచేయంత మిగిలింది. వకీలుగారు కౌంటర్ దగ్గర గొంతు చించుకున్నారు. యజమాని నన్ను పక్కకి పిలిచి, "పదకొండేళ్ళలో నీ బల్ల మీంచి ఇలాంటిది పోలేదు. ఇంట్లో అంతా బాగానే ఉందా?" అన్నాడు. తలూపాను. "ఇంకోసారి జరిగితే నిన్ను మడతలకి మారుస్తాను" అన్నాడు మెల్లగా.

మడతలు పెట్టడానికి కళ్ళక్కర్లేదు. అదే మేలేమో.

ఫిబ్రవరి 20, గురువారం

ఇది రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి.

మధ్యాహ్నం టీ వేళ. బొత్తాలావిడ నా ఎదురుగా కూచుని బొత్తాల డబ్బాలో వెతుక్కుంటోంది. తలెత్తి నా వంక చూసి, మళ్ళీ డబ్బాలోకి వంగి, మామూలుగా అంది. "చొక్కా చూసుకో, పాలు కారిపోయాయి. ఎన్నో నెల పిల్లాడికి? చెప్పనే లేదు."

నేను లేచి నిలబడ్డాను. కూచున్నాను.

"ఉందా?" అన్నాను.

"ఏముందా?"

"ఇది. ఇక్కడ. తడి."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? ముద్దయిపోయింది చొక్కా. ముగ్గుర్ని పెంచాను, నాకు తెలియదా ఏమిటి? ఉండు." తన సంచీలోంచి మడతపెట్టిన గుడ్డ తీసిచ్చింది. "పోయి మార్చుకో. చన్నీళ్ళలో వెయ్యి, నువ్వేగా చెప్పావు."

మరకల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. లోపల పెట్టుకున్న గుడ్డ తీసి, దాని మీది మరకని బల్ల దీపం కింద పెట్టి చూశాను. ఇన్నాళ్ళూ నేను చూసిందే. ఒక చీటీ తీసి, 'పాలు' అని రాసి, కుట్టాను. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

ఉంది. మొదటినుంచీ ఉంది.

అక్క రుమాలుతో వేళ్ళెందుకు తుడుచుకుంది?

ఫిబ్రవరి 21, శుక్రవారం

సెలవు పెట్టి ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. టాక్సీకి ఫోన్ చేయలేదు, బస్సెక్కాను.

చీటీ కుట్టిన గుడ్డ ఆవిడ బల్ల మీద పెట్టాను. చూసింది, నన్ను కూడా పరీక్ష చేసింది. తర్వాత అడిగింది. నెలసరి ఆగి ఎన్నాళ్ళయింది? తలనొప్పి ఉందా? చూపు మసకబారుతోందా? నాతోనే మాట్లాడింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఎంత చోటో ఆ గదిలో.

"ఇది ఆ మాత్ర వల్లేనమ్మా" అంది. ఆ మాత్ర కొందరిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతుందట. పిల్లలకి పాలిచ్చే తల్లుల్లో పెరిగేది అదే. అది పెరిగితే నెలసరి ఆగిపోతుంది, పాలొస్తాయి, కోరిక తగ్గిపోతుంది. ఒళ్ళు మోసపోతుందన్నమాట, పిల్లాడున్నాడనుకుంటుంది. మాత్ర ఎంత ఎక్కువైతే ఇదీ అంత ఎక్కువ.

"నేను రెండు వేసుకుంటున్నాను" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "ఎందుకు?"

"లేనిది కనిపిస్తోందని."

నా ఫైలు మొదటి పేజీ దాకా వెనక్కి తిప్పింది. తర్వాత మెల్లగా అంది. "ఇలా జరగొచ్చని మీ ఆయనకీ, మీ అక్కగారికీ నిన్ను ఇంటికి పంపించిన రోజే చెప్పానమ్మా. ఏ కాస్త కనిపించినా వెంటనే రమ్మన్నాను. మందు మార్చుకోవచ్చు అని కూడా చెప్పాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు నువ్వు వినే స్థితిలో లేవు."

"తర్వాత?"

"తర్వాత చెప్పాల్సింది. ఆయన జవాబులిస్తుంటే వింటూ ఊరుకున్నాను. తప్పు నాది కూడా."

ఒప్పుకున్న మొదటి మనిషి. అందుకే ఆవిడ మీద కోపం నిలవలేదు. నెత్తురు తీయించింది. ఉన్నపళంగా మాత్ర మానొద్దని, ఒకటికి తగ్గించమని చెప్పింది. రిపోర్టు వచ్చాక వేరే మందుకి మెల్లమెల్లగా మారుస్తానంది.

బస్సులో కూచున్నాక అర్థమైంది. కడుపు అనేది ఎప్పుడూ లేదు. ఏడుపొచ్చింది. పక్కనావిడ సర్దుకుని కిటికీ వైపు జరిగింది.

అదే రోజు, సాయంత్రం

ఆయన వచ్చి బూట్లు విప్పుతున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని నువ్వు అనడం ఇదే మొదలు. ఆయన చెయ్యి బూటు లేసు మీదే ఆగిపోయింది.

"ఏం తెలుసా?"

"పాలు ఉన్నాయని."

కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "నీ మంచికే" అన్నాడు. "లావయ్యానని పోయినసారి మానేశావు. ఇది తెలిస్తే ఒక్కరోజు వేసుకుంటావా? మూడు కోట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని పోలీసు స్టేషన్లో కూచున్న నిన్ను ఇంటికి తీసుకొచ్చింది నేను. మళ్ళీ ఆ రోజు చూడలేను."

అది నిజమే. తీసుకొచ్చాడు. నా చెప్పులు కూడా వెతికి తెచ్చాడు.

"చెప్పుంటే మానేసేదాన్నేమో" అన్నాను. "అరిచేదాన్ని. కంచం విసిరేదాన్ని. చెప్పకపోయేసరికి ఏం చేశానో తెలుసా? పిచ్చి ముదిరిందనుకుని మాత్రలు రెట్టింపు చేసుకున్నాను."

ఆ సంగతి ఆయనకి తెలియదు. ఆ ముఖం నేను మర్చిపోను. కానీ జాలి కలగలేదు.

"అక్క?" అన్నాను.

"నేనే ఫోన్ చేశాను. ఆదివారం నిన్నడుగుతుంది, లేదను అని చెప్పాను. బతిమాలాను."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుంటుందట. మా ఇంట్లో పిల్లి తన కళ్ళు కాదు, నా కళ్ళు మూసింది.

ఫిబ్రవరి 22

కంచే చేను మేసింది అని రాసి చూసుకున్నాను. బాగుంది సామెత. మంట తగ్గలేదు.

ఆయన అబద్ధాన్ని మింగగలను. ఆయన ఆసుపత్రిలో కూడా అబద్ధాలే చెప్పాడు, రేపే ఇంటికెళ్తాం అని రోజూ. అక్క అలా కాదు. రేపు కాదు, ఎల్లుండి కాదు, తెలియదు అనేది. అందుకే నేను నమ్మింది అక్కని.

ఫిబ్రవరి 23, ఆదివారం

వచ్చింది. ఆయన ముందే చెప్పేసినట్టున్నాడు, గుమ్మంలోనే కళ్ళెర్రగా ఉన్నాయి.

"లేని తడిని ఎందుకు తుడుచుకున్నావక్కా?"

తన చేతివేళ్ళ వంక చూసుకుంది. "మీ ఆయన ఏడ్చాడే ఫోన్లో. మళ్ళీ వార్డులో చూడలేనన్నాడు. నేను మాత్రం చూడగలనా?"

"నాకు చెప్పి ఉండొచ్చు."

"భయమేసింది. ఆ ఒక్కసారే అన్నాను. నా పిల్లల మీదొట్టు, ఆ ఒక్కసారే."

"ఏ ఒక్కసారి? పైకప్పు మీద అడుగులప్పుడా? కుక్కప్పుడా? ఆసుపత్రిలో నర్సు నన్ను తిట్టిందా అంటే లేదన్నావు, అప్పుడా?"

"అవన్నీ నిజాలే."

"నాకెలా తెలుస్తుంది?"

పోయినేడంతా నేను కట్టుకున్న గోడ ఆ రెండు మాటల మీదే ఉంది. ఇప్పుడు ఏ ఇటుక నిజమో ఏది కాదో తెలియడం లేదు.

"నేను కూడా దూరం బేరమేనా అక్కా?" అన్నాను.

అక్క ఏడ్చింది. నేను వెళ్ళి వంటింట్లో డబ్బాలు సర్దుకున్నాను.

మార్చి 1, శనివారం

రిపోర్టులో ఆ హార్మోన్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది. కొత్త మందు మొదలైంది, పాతది కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఆయన బయట బెంచీ మీద కూచున్నాడు. లోపలికి రావద్దని నేనే అన్నాను.

డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. "మందు మారేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. పాత చప్పుళ్ళు తొంగిచూడొచ్చు. ఏదైనా వినిపిస్తే నాకు ఫోన్ చెయ్యి. ఉన్నదో లేనిదో అడిగి చూసుకోవడానికి ఇంట్లో నమ్మకమైన మనిషి ఉండాలి. ఎవరున్నారు?"

"ఉన్నారు" అన్నాను. ఆవిడ రాసుకుంది.

మార్చి 8

యజమానికి మందు సంగతి చెప్పేశాను. మొత్తం కాదు, సగం. మడతలకి మార్చలేదు. బొత్తాలావిడకి పిల్లాడు లేడని చెప్పాను. కాసేపు సూది ఆపి, "మరి నాతో ముందే అనొచ్చుగా, ఆ గుడ్డ నువ్వే ఉంచేసుకో" అంది. ఇంకేం అడగలేదు.

మార్చి 14

గుడ్డ పొడిగా ఉంది. సాయంత్రం దాకా పొడిగానే ఉంది. దాన్ని అలాగే మడిచి బీరువాలో పెట్టాను.

మార్చి 19, బుధవారం

నెలసరి వచ్చింది. లాండ్రీ బాత్రూంలో. మంచి వార్త, డాక్టరమ్మ సంతోషిస్తుంది. నేను మరకకి చన్నీళ్ళు కొట్టి, కుళాయి తిప్పి పెట్టుకుని, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చాను. లేనిది పోతే కూడా ఇంత ఏడుపొస్తుందా?

మార్చి 23, ఆదివారం

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే రమ్మంది. ఇలా కావడం అరుదేమీ కాదని, కంగారుపడొద్దని అంది. అది ముందు రాసేస్తే తక్కినది నిదానంగా రాయొచ్చు.

అక్క వచ్చింది. పిలవకపోయినా వస్తూనే ఉంది. ముందుగదిలో కూచుంటుంది, నేను కిటికీ దగ్గర కూచుని ఏదో కుట్టుకుంటాను, గంట తర్వాత వెళ్ళిపోతుంది. ఇవాళ ఆయన బజారుకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఎండ గదిలోకి పడుతోంది.

తలుపు వెనక మేకుకి ఆయన కోటు వేలాడుతోంది. దాని జేబులోంచి చప్పుడు మొదలైంది. కాగితం మడత విప్పుతున్నట్టు, మెల్లగా. కుట్టు ఆపేశాను. ఆగింది. మళ్ళీ కుట్టాను. మళ్ళీ వచ్చింది.

నెల రోజులుగా అక్కని ఏదీ అడగలేదు. చచ్చినా అడగకూడదనుకున్నాను. కానీ భయం వేసింది. నిజంగా భయం వేసింది.

"అక్కా" అన్నాను. "ఆ కోటు జేబులో కాగితం చప్పుడు. ఉందా, లేదా?"

అక్క ఉలిక్కిపడింది. లేచి కోటు దాకా వెళ్ళి, ఊపిరి బిగబట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నది. ఈసారి కిటికీ వంక చూడలేదు. నా కళ్ళలోకి చూసింది.

"లేదు" అంది. "లేదు, పిచ్చిమొద్దూ. ఒట్టు. ఏమీ లేదు."

ఏడాది తర్వాత ఆ పిలుపు. ఇదివరకు అక్క ఆ మాట అనగానే చప్పుడు ఆగిపోయేది. ఇవాళ ఆగలేదు.

కుట్టు పక్కన పెట్టి లేచాను. అక్క పక్కకి జరిగింది. నేనేం చేయబోతున్నానో తనకి తెలిసిపోయింది, ఉల్లిపొరలాంటి పలచటి ఆశ ఏదో ఆ ముఖంలో ఉంటే అదీ పోయింది. జేబులో చెయ్యి పెట్టాను. అడుగుదాకా, కుట్టు అంచు తగిలేదాకా పెట్టాను. ఖాళీ. చిన్న కాగితం ముక్క కూడా లేదు.

అక్క నిజమే చెప్పింది.

అయినా రెండో జేబు కూడా చూశాను.